స్కాలర్‌షిప్ గడువు దాటిందా? బుగులు పడొద్దు.. ముందు స్టేటస్ చూడండి!

ఇంటర్‌లో మంచి మార్కులొచ్చాయి. దోస్త్‌లో సీటు వచ్చింది. కాలేజీ, బస్సు, కొత్త పుస్తకాలు.. నాలుగు నెలలు ఇట్టే గడిచిపోయాయి. ఓ రోజు పక్క బెంచీ అమ్మాయి అడిగింది: "మెరిట్ స్కాలర్‌షిప్‌కు అప్లై చేసినవా?" ఫోన్ తీసి చూస్తే పోర్టల్ క్లోజ్. ఇంటికొచ్చి చెబితే "ఇగ అయిపోయింది తియ్ బిడ్డా" అన్న మాటే వినిపించింది.

జనగామ జిల్లా చిల్పూర్ మండలం నుంచి హనుమకొండకో, జనగామకో చదువుకోవడానికి వెళ్లే పిల్లల ఇళ్లలో ఏటా ఏదో ఒక మూల వినిపించే మాటే ఇది. చిల్పూర్ గుట్ట మీద వెలిసిన దేవుడి పేరే బుగులు వేంకటేశ్వరస్వామి. పెళ్లికి కుబేరుడి దగ్గర చేసిన అప్పు ఎలా తీర్చాలా అన్న బుగులుతో స్వామి ఈ గుట్ట మీద తపస్సు చేశాడని స్థానికులు చెప్పుకుంటారు. డబ్బు గురించిన బుగులు ఇక్కడివాళ్లకు కొత్తేం కాదన్నమాట. అయితే స్కాలర్‌షిప్ విషయంలో "అయిపోయింది" అని అనుకున్నవన్నీ నిజంగా అయిపోయినవి కావు. మరి గడువు దాటితే ఏం చేయాలి? ఎక్కడికి వెళ్లాలి? ఏది దొరుకుతుంది, ఏది దొరకదు? పూర్తి వివరాలు చూద్దాం.

గడువు అంటే ఒక్క తేదీ కాదు!

చాలామంది పొరపడేది ఇక్కడే. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ప్రతి స్కీమ్ పక్కన మూడు నాలుగు తేదీలు ఉంటాయి. ఒకటి విద్యార్థి అప్లై చేయడానికి చివరి తేదీ. రెండోది తప్పులున్నాయని వెనక్కి వచ్చిన దరఖాస్తులను సరిచేసుకునే తేదీ. మూడోది కాలేజీ వెరిఫై చేయాల్సిన తేదీ. ఆ తర్వాత జిల్లా లేదా రాష్ట్ర నోడల్ ఆఫీసర్ స్థాయిలో వెరిఫై చేసే తేదీ. విద్యార్థి గడువు ముగిసినా మిగతా తేదీలు ఇంకా నడుస్తూనే ఉండొచ్చు.

అందుకే ముందు చేయాల్సిన పని ఏడవడమూ కాదు, నెట్ సెంటర్‌కు పరుగెత్తడమూ కాదు. పోర్టల్‌లో లాగిన్ అయి స్టేటస్ చూడాలి. అక్కడ ఏముందన్న దాన్ని బట్టే దారి మారుతుంది.

దరఖాస్తు సగం నింపి ఫైనల్ సబ్మిట్ కొట్టకుండా వదిలేస్తే అది దరఖాస్తు కిందే లెక్క కాదు. ఇది నిజంగా గడువు మిస్సయిన కేసు. సబ్మిట్ చేశారు కానీ కాలేజీ దగ్గర పెండింగ్ అని చూపిస్తే మాత్రం మీరు గడువు దాటలేదు. బంతి కాలేజీ కోర్టులో ఉంది. 'డిఫెక్టివ్' అని ఉంటే ఏదో పేపరు సరిగా లేదని తిప్పి పంపారన్నమాట. దాన్ని సరిచేసి మళ్లీ సబ్మిట్ చేయడానికి ప్రత్యేక గడువు ఉంటుంది, చాలామంది దాన్ని చూసుకోరు. 'రిజెక్టెడ్' అని ఉంటే మాత్రం కారణం ఏమిటో అక్కడే రాసి ఉంటుంది, ముందు అది చదవాలి.

రాష్ట్ర ప్రభుత్వ ఈపాస్‌లోనూ ఇదే తీరు. ఆన్‌లైన్‌లో నింపేసి "అప్లై చేసినం" అనుకుని ఊరుకునేవాళ్లు ఎందరో. కానీ ప్రింట్ తీసి, సర్టిఫికెట్లు జత చేసి కాలేజీలో ఇవ్వాలి. వేలిముద్ర పడాలి. కాలేజీ వెరిఫై చేసి పైకి పంపాలి. ఈ మూడింట్లో ఏది ఆగినా డబ్బు ఆగినట్టే. అప్లికేషన్ నంబర్, పదో తరగతి హాల్‌టికెట్ నంబర్ దగ్గర పెట్టుకుని ఈపాస్ సైట్‌లో స్టేటస్ చూస్తే ఎక్కడ ఆగిందో తెలిసిపోతుంది.

స్టేటస్ పేజీ కనిపించిన వెంటనే స్క్రీన్‌షాట్ తీయాలి. తేదీ, టైమ్ కనిపించేలా తీయాలి. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

ఇంతకీ ఏ స్కాలర్‌షిప్ మిస్సయింది?

మన దగ్గర 'మెరిట్ స్కాలర్‌షిప్' అనగానే రెండింటిని కలిపేస్తుంటారు. ఇవి వేర్వేరు.

ఒకటి తెలంగాణ ప్రభుత్వం ఈపాస్ ద్వారా ఇచ్చే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్, అంటే ఫీజు రీయింబర్స్‌మెంట్, మెస్ ఛార్జీలు. దీనికి కులం, ఆదాయం ముఖ్యం. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు ఏడాది ఆదాయం 2 లక్షల లోపు ఉండాలి. బీసీ, ఈబీసీ, మైనారిటీలకు పల్లెల్లో లక్షా 50 వేలు, పట్టణాల్లో 2 లక్షల పరిమితి ఉంది. హాజరు 75 శాతం తప్పనిసరి. కన్వీనర్ కోటా సీటు అయి ఉండాలి, మేనేజ్‌మెంట్ కోటాకు వర్తించదు. ఇంజినీరింగ్‌లో ఎస్సీ, ఎస్టీలకు పూర్తి ఫీజు వస్తుంది. బీసీ, ఈబీసీలకు ఎంట్రెన్స్‌లో 10 వేల లోపు ర్యాంకు ఉంటే పూర్తి ఫీజు, ఆ పైన ఉంటే 35 వేల వరకే.

రెండోది కేంద్ర ప్రభుత్వ సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్. ఇప్పుడు పీఎం-యూఎస్‌పీ పేరుతో నడుస్తోంది. అసలైన మెరిట్ స్కాలర్‌షిప్ అంటే ఇదే. దేశవ్యాప్తంగా ఏటా కొత్తగా 82 వేల మందికి ఇస్తారు. అందులో సగం అమ్మాయిలకు. ఇంటర్ బోర్డులో 80 పర్సంటైల్ పైన ఉండాలి. ఇది 80 శాతం మార్కులు కాదు. బోర్డులో అందరినీ వరుసలో నిలబెడితే పై 20 శాతంలో ఉండాలన్నమాట. కుటుంబ ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షలు దాటకూడదు. రెగ్యులర్ కోర్సే చదవాలి, దూరవిద్య పనికిరాదు. డిగ్రీ మూడేళ్లు ఏడాదికి 12 వేల చొప్పున, పీజీలో 20 వేల చొప్పున నేరుగా విద్యార్థి ఖాతాలో వేస్తారు. బీటెక్ అయితే మొదటి మూడేళ్లు 12 వేలు, నాలుగో ఏడాది 20 వేలు. మొత్తం 56 వేలు.

ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. చిల్పూర్ లాంటి మండలంలో ఏడాదికి లక్షా 50 వేల పైన, నాలుగున్నర లక్షల లోపు సంపాదించే బీసీ, ఈబీసీ ఇళ్లు ఉంటాయి. చిన్న కిరాణా దుకాణం, ప్రైవేట్ స్కూల్ టీచర్, కంపెనీ డ్రైవర్.. ఇలాంటివాళ్లు. వాళ్లకు ఈపాస్ రాదు. పిల్లలకు మార్కులుంటే ఈ రెండింట్లో మిగిలింది ఈ కేంద్ర స్కాలర్‌షిప్ ఒక్కటే. అది కూడా మిస్సయితే వాళ్లకే ఎక్కువ దెబ్బ.

మరో మాట. రెండూ కలిపి తీసుకోవడం కుదరదు. వేరే స్కాలర్‌షిప్ గానీ, రాష్ట్ర ఫీజు రీయింబర్స్‌మెంట్ గానీ పొందుతున్నవాళ్లకు సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ వర్తించదని నిబంధన. కాబట్టి ఈపాస్‌లో ఫీజు మొత్తం వస్తున్న విద్యార్థి "12 వేలు పోయాయి" అని బాధపడాల్సిన పనే లేదు. ప్రైవేట్ కాలేజీలో ఫీజు ఎక్కువగా ఉంటే ఈపాస్‌దే పెద్ద మొత్తం.

నిజంగానే మిస్సయితే దొరుకుతుందా?

దీనికి ఉన్నదున్నట్టు చెప్పాల్సిన జవాబు ఉంది. సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్‌లో కొత్త దరఖాస్తు ఆ ఏడాది ఇంటర్ పాసై డిగ్రీ ఫస్టియర్‌లో చేరినవాళ్లకే. ఈ ఏడాది వదిలేసి వచ్చే ఏడాది ఫ్రెష్‌గా వేద్దామంటే కుదరదు. అంటే పోయింది 12 వేలు కాదు, కోర్సు మొత్తానికి వచ్చే డబ్బు.

అలాగని పోర్టల్ మూసిన రోజే వదిలేయకూడదు. 2025-26 సంవత్సరానికి నేషనల్ పోర్టల్ జూన్ 2న తెరుచుకుంది, తొలుత పెట్టిన చివరి తేదీ అక్టోబర్ 31. కానీ ఈ పోర్టల్‌లో గానీ, తెలంగాణ ఈపాస్‌లో గానీ గడువు పెంచడం కొత్త కాదు. గత కొన్నేళ్లుగా పలుమార్లు పెంచారు. పెంచినప్పుడు ఎవరూ ఇంటికొచ్చి చెప్పరు. పోర్టల్ హోమ్ పేజీలో తేదీ మారుతుంది, అంతే. కాబట్టి గడువు దాటాక కనీసం రెండు నెలలు వారానికి రెండుసార్లు పోర్టల్ తెరిచి చూడాలి. వాట్సాప్‌లో తిరిగే "గడువు పెంపు" మెసేజ్‌లు మాత్రం నమ్మొద్దు. వాటిలో సగం పోయినేడాదివే. ఏ విద్యా సంవత్సరానికి అన్నది ముందు చూడాలి.

మూసి ఉన్న రోజుల్లో ఊరికే కూర్చోకూడదు కూడా. నేషనల్ పోర్టల్‌లో ఇప్పుడు దరఖాస్తుకు ముందు వన్ టైమ్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆధార్‌తో, ముఖం గుర్తింపుతో చేసుకుంటే 14 అంకెల నంబర్ వస్తుంది. చదువు పూర్తయ్యేదాకా అదే నంబర్. ముఖ గుర్తింపు సరిగా పడక మొరాయించే ఫోన్లు చాలా ఉన్నాయి. గడువు మళ్లీ తెరిచిన మూడు రోజుల్లో ఇదంతా మొదలుపెడితే అవ్వదు. ముందే చేసి పెట్టుకుంటే, తెరిచిన రోజు పది నిమిషాల పని.

ఆదాయ సర్టిఫికెట్ కూడా అంతే. మీసేవలో దరఖాస్తు పెడితే తహసీల్దార్ ఆఫీసు నుంచి రావడానికి కొన్ని రోజులు పడుతుంది. పాతది ఏడాది దాటితే పనికిరాదు. 2016లో జిల్లాల పునర్విభజనతో చిల్పూర్ కొత్త మండలమైంది, ఆనాటి వరంగల్ జిల్లా నుంచి జనగామలోకి వచ్చింది. ఆ తర్వాత 2021లో వరంగల్ అర్బన్ జిల్లా పేరు హనుమకొండగా మారింది. ఇంట్లో ఉన్న పాత సర్టిఫికెట్‌లో 'వరంగల్ జిల్లా' అని ఉండి, దరఖాస్తులో 'జనగామ' అని ఎంచుకుంటే తేడా కొట్టే అవకాశం ఉంది. కొత్త సర్టిఫికెట్ తీసుకోవడమే మేలు.

కాలేజీ దగ్గర ఆగితే..

ఇక్కడే గెలిచే ఛాన్స్ ఎక్కువ. కాబట్టి ఇక్కడే కాస్త గట్టిగా పట్టుకోవాలి. విద్యార్థి టైమ్‌కి సబ్మిట్ చేశాడు, కాలేజీ వెరిఫై చేయలేదు. ఆఫీసులో అడిగితే "సైట్ పనిచేయట్లేదు", "ఆ సార్ లీవ్‌లో ఉన్నారు", "రేపు రా". ఈ రేపులు లెక్కపెట్టుకుంటూ పోతే కాలేజీ గడువు కూడా దాటిపోతుంది.

నోటి మాట వదిలేసి కాగితం మీద పెట్టాలి. ప్రిన్సిపాల్ గారికి అర పేజీ లెటర్ చాలు. ఇలా ఉంటే సరిపోతుంది:

"గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి, నేను బీఎస్సీ ఫస్టియర్ చదువుతున్నాను. ఫలానా స్కాలర్‌షిప్‌కు ఫలానా తేదీన ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేశాను. అప్లికేషన్ నంబర్ ఇది. ఈ రోజు స్టేటస్ చూస్తే కాలేజీ వెరిఫికేషన్ పెండింగ్ అని ఉంది. కాలేజీ వెరిఫికేషన్‌కు చివరి తేదీ ఇది. దయచేసి ఆ లోపు వెరిఫై చేయగలరు. ఏవైనా సర్టిఫికెట్లు తక్కువైతే వెంటనే తెలియజేయగలరు. స్టేటస్ పేజీ ప్రింట్ జత చేశాను."

రెండు కాపీలు తీయాలి. ఒకటి ఇచ్చి, రెండో దాని మీద ఆఫీసు ముద్ర, తేదీ, ఇన్‌వర్డ్ నంబర్ వేయించుకోవాలి. వేయమంటే మొహం చిట్లిస్తారేమో, ఫరవాలేదు. ముద్ర వేయనంటే అదే లెటర్ రిజిస్టర్ పోస్టులో పంపి రసీదు దాచుకోవచ్చు. ఆ కాగితం చేతికి వచ్చాక "నాకు చెప్పలేదు" అన్న మాట ఎవరూ అనలేరు. తప్పు ఎవరి వైపు జరిగిందో రికార్డులో ఉంటుంది.

నాలుగు రోజుల్లో కదలకపోతే పైకి వెళ్లాలి. ఇక్కడ చిల్పూర్ పిల్లలు గుర్తుంచుకోవాల్సిన పాయింట్ ఒకటుంది. కులం, ఆదాయం సర్టిఫికెట్ల పని చిల్పూర్ తహసీల్దార్ ఆఫీసులో. కానీ ఈపాస్ దరఖాస్తు వెళ్లేది కాలేజీ ఉన్న జిల్లా సంక్షేమ శాఖకు. హనుమకొండలో చదువుతూ జనగామ కలెక్టరేట్‌కు వెళ్తే "ఇక్కడ కాదు, అక్కడ" అని పంపేస్తారు, ఒక రోజు, బస్సు ఛార్జీ రెండూ దండగ. అమ్మాయిలకు ఆర్టీసీలో ఫ్రీ కాబట్టి ఛార్జీ బాధ లేదు కానీ క్లాసు పోతుంది. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ.. ఎవరి శాఖ వాళ్లదే, ఆఫీసర్లు వేరు. ఏ శాఖో ముందే తెలుసుకుని వెళ్లాలి.

సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది. అక్కడ ఇచ్చిన అర్జీకి నంబర్ వస్తుంది, సంబంధిత శాఖకు వెళ్తుంది. ఒక్కరు వెళ్లేకన్నా అదే కాలేజీలో పెండింగ్ ఉన్న పది మంది పేర్లు, అప్లికేషన్ నంబర్లు ఒకే లిస్టుగా పెడితే బరువు ఎక్కువ. కాలేజీ లాగిన్‌లో ఆగినవి సాధారణంగా ఒక్కటే ఉండవు, గుంపుగా ఉంటాయి.

కేంద్ర స్కాలర్‌షిప్ అయితే నేషనల్ పోర్టల్ హెల్ప్‌డెస్క్ 0120-6619540కు ఫోన్ చేయొచ్చు. లైన్ దొరకడం కొంచెం కష్టమే. దొరకకపోతే కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌లో ఉన్నత విద్యా శాఖను ఎంచుకుని ఫిర్యాదు పెట్టొచ్చు. 2024లో మార్చిన నిబంధనల ప్రకారం ఫిర్యాదును 21 రోజుల్లో పరిష్కరించాలి. ఫీజేమీ లేదు, ఫోన్‌లోనే పెట్టుకోవచ్చు.

ఎందుకు ఆగిందో ఎవరూ చెప్పకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. మన దగ్గర గ్రామ స్థాయి ఆఫీసులో దరఖాస్తుకు ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. "నా దరఖాస్తు ఏ తేదీన మీకు చేరింది, ఏ తేదీన ఎవరి దగ్గర పెండింగ్‌లో ఉంది" అని రెండు ప్రశ్నలు చాలు. చాలాసార్లు ఈ దరఖాస్తు అందాకే ఫైలు కదులుతుంది.

అన్నీ చేసినా డబ్బు రాకపోతే బ్యాంకు చూడండి

మంజూరైందని చూపిస్తుంది, ఖాతాలో రూపాయి పడదు. ఇది గడువు సమస్య కాదు, ఆధార్ సీడింగ్ సమస్య. డబ్బు వచ్చేది అకౌంట్ నంబర్‌ను బట్టి కాదు, ఆధార్‌కు ముడిపడ్డ బ్యాంకు ఖాతాకు. మై ఆధార్ సైట్‌లో 'బ్యాంక్ సీడింగ్ స్టేటస్' చూస్తే ఏ బ్యాంకుకు ముడిపడిందో కనిపిస్తుంది. చాలామందికి ఎప్పుడో చిన్నప్పుడు తెరిచిన ఖాతా చూపిస్తుంది. ఆధార్‌లో పేరు, పదో తరగతి మెమోలో పేరు ఒక్క అక్షరం తేడా ఉన్నా తిప్పలే. ఇంటిపేరు ముందా వెనకా అన్న దగ్గరే ఎన్నో దరఖాస్తులు ఆగుతాయి.

రెండేళ్లు లావాదేవీ లేదని ఖాతా ఆపేశామని బ్యాంకులో చెబితే, స్కాలర్‌షిప్ కోసం తెరిచిన జీరో బ్యాలెన్స్ ఖాతాలకు ఆ నిబంధన పెట్టొద్దని రిజర్వ్ బ్యాంక్ 2024 జనవరి 1న ఇచ్చిన ఆదేశాల్లో ఉన్న సంగతి మేనేజర్‌కు గుర్తు చేయొచ్చు.

ఫీజు కట్టమని కాలేజీ అడిగితే..

స్కాలర్‌షిప్ మిస్సయిందని తెలియగానే కాలేజీ నుంచి మొదట వచ్చే మాట "ఫీజు కట్టు". ఈ మాటకు భయపడి కాలేజీ మానేసేవాళ్లు ఉన్నారు. అన్నింటికంటే ఖరీదైన తప్పు ఇదే. హాజరు 75 శాతం తగ్గితే, రేపు పోర్టల్ మళ్లీ తెరిచినా అర్హత ఉండదు. గడువు పోయినా క్లాసు పోకూడదు.

కట్టలేని పరిస్థితి ఉంటే విడతల్లో కడతామని ప్రిన్సిపాల్‌కు రాసివ్వాలి. దరఖాస్తు పెండింగ్‌లో ఉన్నట్టు స్టేటస్ ప్రింట్ జత చేయాలి. ఫీజు బాకీ ఉందని ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గరే పెట్టుకుంటామని కాలేజీ అంటే, ఒరిజినల్స్ అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. చేరేటప్పుడు ఒరిజినల్స్ చూపించి, జిరాక్స్‌లు ఇచ్చి రావడమే మంచిది.

ఇక వేరే దారులు. అన్నింటికీ గడువు అక్టోబర్‌తోనే అయిపోదు.

ప్రభుత్వ బడిలో పది, ప్రభుత్వ కాలేజీలో ఇంటర్ చదివి డిగ్రీ గానీ డిప్లొమా గానీ ఫస్టియర్‌లో చేరిన అమ్మాయిలైతే అజీమ్ ప్రేమ్‌జీ స్కాలర్‌షిప్ ముందు చూడాలి. ఏడాదికి 30 వేలు, కోర్సు అయ్యేదాకా ఇస్తారు. తెలంగాణ కూడా ఆ జాబితాలో ఉంది. 2025-26లో దరఖాస్తులు రెండు విడతల్లో తీసుకున్నారు, సెప్టెంబర్‌లో ఒకసారి, జనవరిలో మరోసారి. అంటే అక్టోబర్‌లో కేంద్ర స్కాలర్‌షిప్ మిస్సయిన అమ్మాయికి జనవరిలో రెండున్నర రెట్ల మొత్తానికి దారి తెరిచే ఉంది! చిల్పూర్ లాంటి మండలంలో సర్కారు బడిలో చదివిన ఆడపిల్లలు చాలామందే. ఈ ఒక్క సంగతి ఇంట్లో, వాడలో నలుగురికి చెబితే చాలు.

బీటెక్, పాలిటెక్నిక్ అమ్మాయిలకు ఏఐసీటీఈ ప్రగతి స్కాలర్‌షిప్ ఉంది. ఏడాదికి 50 వేలు. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు, ఒక ఇంట్లో ఇద్దరు అమ్మాయిల వరకు. ఫస్టియర్‌లో లేదా లేటరల్ ఎంట్రీతో సెకండియర్‌లో చేరినవాళ్లు అర్హులు. 40 శాతం పైన వైకల్యం ఉన్న విద్యార్థులకు అదే మొత్తంతో సక్షమ్ ఉంది. ఇవి కూడా నేషనల్ పోర్టల్‌లోనే, తేదీలు మాత్రం విడిగా చూసుకోవాలి.

రిలయన్స్ ఫౌండేషన్ ఏటా 5 వేల మంది డిగ్రీ ఫస్టియర్ విద్యార్థులకు కోర్సు మొత్తానికి 2 లక్షల వరకు ఇస్తుంది. ఇంటర్‌లో 60 శాతం ఉండాలి, ఆన్‌లైన్ పరీక్ష రాయాలి. పోటీ గట్టిగానే ఉంటుంది. సీతారాం జిందాల్ ఫౌండేషన్ ఏడాది పొడవునా దరఖాస్తులు తీసుకుంటుంది. నెలనెలా ఇచ్చేది చిన్న మొత్తమే అయినా గడువు బాధ లేదు.

ఇవేవీ కుదరకపోతే చివరగా లోన్. 2024 నవంబర్ 6న కేంద్ర కేబినెట్ ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మిలో ఎంపికైన మంచి ర్యాంకు సంస్థల్లో సీటు వచ్చినవాళ్లకు తాకట్టు, గ్యారంటీదారు లేకుండా రుణం ఇస్తారు. ఆదాయం 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల రుణం దాకా వడ్డీలో 3 శాతం రాయితీ. ఆ జాబితాలో మీ కాలేజీ ఉందో లేదో ముందే చూసుకోవాలి, జిల్లాల్లోని చాలా కాలేజీలు అందులో ఉండవు. లేకపోతే బ్యాంకుల మామూలు విద్యా రుణమే. 12 వేల స్కాలర్‌షిప్ పోయిందని లక్షల లోన్‌కు పోవడం మాత్రం లెక్క కాదు. ఫీజు ఎంత బాకీ ఉందో అంతవరకే చూసుకోవాలి. పక్క ఊరి ఫైనాన్స్‌లో నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చేకన్నా బ్యాంకు మేలు, అంతే.

కోర్టు దాకా వెళ్లిన గడువు

గడువు దాటిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి గెలిచిన సందర్భం కూడా ఉంది. అది స్కాలర్‌షిప్ కాదు, సీటు ఫీజు. 2024లో ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ జిల్లాకు చెందిన ఓ దళిత విద్యార్థికి ఐఐటీ ధన్‌బాద్‌లో సీటు వచ్చింది. కట్టాల్సింది 17,500 రూపాయలు. గడువు జూన్ 24 సాయంత్రం 5 గంటలు. తండ్రి దినసరి కూలీ. డబ్బు సర్దేసరికి చివరి నిమిషాలయ్యాయి, చెల్లింపు పూర్తి కాకముందే పోర్టల్ మూసుకుపోయింది. జార్ఖండ్, మద్రాస్ హైకోర్టుల తలుపు తట్టి చివరికి సుప్రీంకోర్టుకు వెళ్లారు. సెప్టెంబర్ 30న రాజ్యాంగంలోని 142వ అధికరణం కింద సీటు ఇవ్వాలని కోర్టు ఆదేశించింది. ఆ సాయంత్రం పోర్టల్‌లో లాగిన్ అయిన వివరాలు విచారణలో చర్చకు వచ్చాయి. ముందు చెప్పిన స్క్రీన్‌షాట్ విలువ ఇక్కడ తెలుస్తుంది.

ప్రతి స్కాలర్‌షిప్ కేసుకూ ఇది వర్తిస్తుందని కాదు. 142వ అధికరణం సుప్రీంకోర్టుకు మాత్రమే ఉన్న ప్రత్యేక అధికారం. అయితే తప్పు కాలేజీదో, ఆఫీసుదో అని కాగితాలు చెబుతుంటే న్యాయ సలహా తీసుకోవచ్చు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందే హక్కు 1987 చట్టంలో ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లొచ్చు, లేదా 15100కు ఫోన్ చేయొచ్చు.

"వెయ్యి ఇస్తే లోపల వేయిస్తా"

గడువు దాటినప్పుడే ఈ మాటలు మొదలవుతాయి. పాత తేదీతో ఎక్కిస్తామని, ఆఫీసులో మనిషి ఉన్నాడని, ఓటీపీ చెప్తే చాలని. పోర్టల్ మూశాక పాత తేదీతో దరఖాస్తు వేయించే దారి బయటివాళ్లకు ఉండదు. నేషనల్ పోర్టల్‌లో దరఖాస్తు ఉచితం. మీసేవ, నెట్ సెంటర్ సర్వీసు ఛార్జీ తప్ప ఎవరికీ రూపాయి ఇవ్వాల్సిన పని లేదు. ఆధార్ ఓటీపీ చెప్పి డబ్బు పోగొట్టుకుంటే వెంటనే 1930కు కాల్ చేయాలి, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది.

రెన్యువల్ మర్చిపోయేవాళ్లే ఎక్కువ

ఫస్టియర్‌లో వచ్చింది కదా, సెకండియర్‌లో దానంతట అదే వస్తుందనుకుంటారు. రాదు. సెంట్రల్ సెక్టార్‌లో ప్రతి ఏడాదీ రెన్యువల్ చేసుకోవాలి. వార్షిక పరీక్షల్లో కనీసం 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు ఉండాలి. ఈపాస్‌లోనూ ఫ్రెష్ వేరు, రెన్యువల్ వేరు. బ్యాక్‌లాగ్ ఉందని దరఖాస్తే చేయకుండా వదిలేసేవాళ్లు ముందు స్కీమ్ గైడ్‌లైన్స్ చూడాలి, లేదంటే హెల్ప్‌డెస్క్‌ను అడగాలి.

ఇంటర్ రాసిన పిల్లలు ఇంట్లో ఉంటే ఏప్రిల్‌లో ఫలితాలు రాగానే ఆధార్, పదో తరగతి మెమో, బ్యాంకు పాస్‌బుక్.. మూడింట్లో పేరు ఒకేలా ఉందో లేదో చూసుకోవచ్చు. తేడా ఉంటే ఆధార్ సెంటర్‌కు వెళ్లడానికి వేసవి సెలవులున్నాయి. జూన్‌లో కొత్త ఆదాయ సర్టిఫికెట్‌కు మీసేవలో దరఖాస్తు పెట్టాలి. దోస్త్‌లో సీటు ఖరారై కాలేజీలో రిపోర్ట్ చేసే రోజు ఆఫీసులో ఒక్క ప్రశ్న అడగాలి: నేషనల్ పోర్టల్‌లో ఈ కాలేజీ తరఫున వెరిఫై చేసే నోడల్ ఆఫీసర్ ఎవరు? ఆ లెక్చరర్ పేరు, కూర్చునే గది ఫోన్‌లో రాసి పెట్టుకోవాలి.